నీళ్లు పోయకముందు అడిగిన మాట

ఇంటి గడప దాటేటప్పుడు రాయమల్లు చేతుల్లో ఉన్నవి రెండే. ఎడమ చేతిలో నీళ్ల చెంబు, కుడి చేతిలో ముద్ర సుత్తి. చెంబు తల్లి దుర్గవ్వ పెట్టింది, ఇంట్లో కాగులోంచి తానే ముంచి, అంచుదాకా నింపి. సుత్తి మాత్రం అతనే చూరులోంచి తీసుకున్నాడు. ముసలామె దాన్ని చూసింది. "గదెందుకురా?" అంది. "మొద్దులు దొరికితే ముద్ర సూసుకోవద్దా అవ్వా" అన్నాడు. సరుకు అమ్మేటప్పుడు ఎంత తేలిగ్గా అబద్ధం వస్తుందో అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆమె నమ్మలేదు, కొనేవాళ్లు కూడా సగం నమ్మరు, అయినా బేరం సాగుతుంది. "రాజిగాన్ని తీసుకరా బిడ్డా. హనుమండ్ల కాళ్ల మీద నీళ్లు పొయ్యి, తీసుకరా. ముందుగాల నీళ్లు పొయ్యి. తర్వాతనే ఏదన్న అడుగు" అని, ఏడవడానికి లోపలికి పోయింది.

సన్నగా తుప్పర పడుతోంది. ప్రాణహిత వరద రాత్రికి రాత్రి జానెడు తీసింది, తీసిన మేరా కట్ట మీద ఎర్రటి బురద వేలాడుతోంది. నల్లరేవు కట్ట పొడుగునా నడవాలి, ఎగువన తన కట్టెల అడితి నుంచి దిగువ మెట్ల దాకా, గంటసేపు నడక. మామూలు రోజుల్లో అంత పట్టదు, అయితే ఈ చెంబు ఒలకకూడదు. నల్లరేవు రివాజు అది. వరదలోంచి మనిషిని బయటికి తీసినవాడు, ఆ మనిషి ఇంటివాళ్లు తమ ఇంటి నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసేదాకా నోరు విప్పకూడదు. ఎందుకు పెట్టారో పెద్దలు పెట్టారు. తీసినవాడు ముందే నోరు తెరిస్తే ఇనాం అడుగుతాడనో, చచ్చినవాడి చివరి మాట అని ఏదో ఒకటి అల్లి చెబుతాడనో. ఏటి నీళ్లు పనికిరావు, ఏరే కదా చంపింది. ఇంటి నీళ్లే కావాలి. పోసినాక తీసినవాడు చూసిందంతా చెప్పాలి, దాచకూడదు. మంచి రివాజే, ఎవరి శవమో అయినప్పుడు. రాయమల్లు ఇదివరకు ఈ చెంబుల వెనక నడిచినవాళ్లను ఎంతమందినో చూశాడు, అడితిలో నిలబడి, మనసులో వాళ్లకు కాష్టానికి ఎంత కట్టె పడుతుందో అంచనా కట్టుకుంటూ. ఇవాళ అడితి ముందు బండ్లవాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్లూ అదే కడుతున్నారేమో.

అడితిలో పేర్చిన టేకు మొద్దుల కోసిన మొహాలన్నీ కట్ట వైపే ఉన్నాయి, ప్రతి మొహం మీదా అతని ముద్ర, గుండ్రంలో అడ్డగీత. ఆ ముద్రలు కొట్టింది తమ్ముడు రాజలింగే. ఎవరైనా రెండు దెబ్బలు కొడితే గాని దిగని ముద్ర వాడు ఒక్క దెబ్బకు దించేవాడు, కొట్టి నవ్వేవాడు, "మొద్దుకు పచ్చబొట్టన్నా" అనేవాడు. వాడికి అన్నీ నవ్వే. చిన్నప్పుడు వీపు మీద బెత్తం విరిగేదాకా కొట్టినా నవ్వేవాడు, అందుకే ఇంకా కొట్టేవాడు తను. ఆ నవ్వును ఎట్లాగైనా ఆపాలని. ఆగలేదు. నిన్న సాయంత్రం ఆగింది. బెల్లంపల్లి గనుల్లో పైకప్పు కింద నిలబెట్టడానికి గుంజలు కావాలని కబురు వస్తే, పెద్ద వాన పడకముందే తెప్ప దించు అని తనే పంపాడు ఆసిఫాబాద్ అడవులకు. టేకు పచ్చిది సరిగ్గా తేలదు, బొంగుల మోపులు మధ్య మధ్య కట్టాలి, కట్టడానికి ఒక రోజు పట్టింది, ఆ ఒక్క రోజే వాన ముందొచ్చింది. వ్యాపారంలో ఇది మామూలే, ఒక రోజు అటో ఇటో. తెప్ప పెద్ద బండల దగ్గర విరిగింది. తెప్ప మీద వాడితో ఉన్న బాలమల్లు ఒక బొంగుల మోపు పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు, ఒంటి మీద తోలు లేకుండా. తెల్లవారుజామున వాడే వచ్చి గడపలో కూలబడి చెప్పాడు. "రాజన్న దొరికిండు షావుకారి. దిగువ మెట్ల కాడ పండవెట్టిండ్రు. హనుమండ్లు కొక్కెం ఏసి గుంజిండు. మెడ పక్కపొంటి దిగింది. నెత్తురు శానా పోయింది."

నెత్తురు పోయింది. ఆ మాట దగ్గరే రాయమల్లు లెక్క ఆగింది, రాట్నం దారం తెగినట్టు. చచ్చినవాడికి నెత్తురు పోదు. ఇది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, కళ్లతో చూసి నేర్చుకున్నాడు, ఇదిగో ఈ నాకా దగ్గరే. అడితి దాటగానే కట్ట మీద రాతి కొట్టు, పైకప్పు లేదు, గోడల్లో జిల్లేళ్లు. నైజాం కాలంలో కరోడ్‌గిరి నాకా ఇది. అవతలి ఒడ్డు ఇంగ్లీషోళ్ల ఇలాకా, ఇవతలిది నైజాం ఇలాకా, ఏరు దాటిన ప్రతి బొంగుకూ ఇక్కడ సుంకం. సుంకం ఎగ్గొట్టాడని తెప్పలవాళ్లను ఈ గుంజకు కట్టేసి తడిపిన తాడుతో కొట్టేవాడు నాకా పెద్ద. తడి తాడు పొడి తాడు కంటే లోతుగా కోస్తుంది, అది కూడా ఇక్కడే నేర్చుకున్నాడు, తన వీపు మీదే. ఇప్పటికీ వాన వస్తే ఆ చారలు దురద పెడతాయి, ఇప్పుడూ పెడుతున్నాయి, గోక్కోవడానికి ఖాళీ చెయ్యి లేదు. నైజాం పోయిన ఏడు, దండు వచ్చి వెళ్లాక, ఎక్కడెక్కడివాళ్లో కట్టెలు గొడ్డళ్లు పట్టుకుని కట్ట మీదికి వచ్చారు. నాకా పెద్ద అంతకు ముందే గుర్రమెక్కి పోయాడు. మిగిలింది తాళాలు పట్టుకుని తిరిగే ఖయ్యూం ఒక్కడు, మనిషిని పల్లెత్తు మాట అననివాడు. తాళాలు ఇస్తా, తీసుకపోండి, తీసుకపోండి అని చేతులు జోడించాడు. తాళాలు ఎవరికి కావాలి. వాడిని మొద్దుకు కట్టి నీళ్లలోకి తోశారు. ఇంకా కొంతమందిని నరికి తోశారు. రాయమల్లు అడితిలో పేర్చిన మొద్దుల వెనక బోర్లా పడుకుని చూశాడు, పక్కన రాజలింగు, వాడి నోరు తన చేత్తో మూసి. నాలుగు రోజులయ్యాక దిగువన, వరదకు కొట్టుకొచ్చే మొద్దులను కొక్కెం విసిరి పట్టే కొక్కెపువాళ్లు కొన్ని శవాలు తీశారు. కొక్కెం దిగిన చోట మాంసం తెల్లగా తెరుచుకుంది, నానిన సొరకాయ కోసినట్టు, చుక్క నెత్తురు రాలేదు. అప్పుడు నేర్చుకున్నాడు. చచ్చినవాడి గాయం తెల్లగా ఉంటుంది. బతికినవాడిదే ఎర్రన. రాజిగాడి గాయం ఎర్రన. అంటే కొక్కెం దిగేటప్పటికి వాడు బతికి ఉన్నాడు. ఇంక లెక్కలో చిక్కేమీ లేదు, ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఒకటే మిగులుతుంది, కొక్కెం విసిరిన చెయ్యి మిగులుతుంది.

చెంబు అంచు మీంచి ఒక చుక్క జారి వేళ్ల మీద పడింది. నడక తగ్గించాడు.

నాకా గోడకు ఆనుకుని తాటాకు పందిరి, కింద పొయ్యి, పొయ్యి ముందు బిస్మిల్లా బీ. ఖయ్యూం పెళ్లాం. పదేళ్లుగా మొగుణ్ని తోసిన చోటికి ఎదురుగా కూర్చుని చాయ్ అమ్ముతోంది, ఎందుకు ఇక్కడే అని ఎవరూ అడగలేదు, బండ్లు ఆగేది ఇక్కడే కాబట్టి అని రాయమల్లు అనుకునేవాడు, వ్యాపారం తెలిసిన ఆడది. ఆమె ముందు చెంబు చూసింది, తర్వాత సుత్తి చూసింది.

"షావుకార్, జర ఆగు" అంది. ఆగాడు. "చెంబు సరే. గదేంది?"

"ముద్ర సుత్తి."

"ఎర్కే. మీ తమ్ముడు గా సుత్తి పట్టుకునే నా కాడ చాయ్ తాగెటోడు, పైసలియ్యకుంట. లిఖ్ లే బీ, రాసుకో అనెటోడు. నాకు రాసుడొస్తదా?" పొయ్యి ఊదింది. పొగ ఇద్దరి మధ్యా లేచింది. "నీకు శవం దొరికింది షావుకార్. గది శానా పెద్దది. నా మనిషిది గదీ దొరకలే. ఎవని కాళ్ల మీద పొయ్యను నీళ్లు? పదేండ్ల సంది నింపి వెట్టుకున్న చెంబు గట్లనే ఉన్నది ఇంట్ల. నువ్వు మంచిగ పోసిరా. సుత్తి ఇక్కడ వెట్టి పో, నేను సూస్త."

"నా సరుకు నేను సూసుకుంట బీ."

"సరే" అంది ఆమె, గ్లాసులు కడగడానికి వంగింది. నడుస్తూ ఉంటే ఆమె చూపు వీపు మీద, తాడు చారల మీద, ఆనుకుని వస్తున్నట్టే ఉంది. ఆమె ఏమనుకుంటేనేం. ఆమెకు ఎవరి మీద సుత్తి ఎత్తాలో తెలియదు, అన్ని గొడ్డళ్లలో ఏది అని. తనకు తెలుసు. తెలిసినవాడు ఊరుకుంటే నష్టం. రేపు అడితిలో బండివాడు కూడా మాట వినడు, వీడి తమ్ముణ్ని పంది మాంసం గుచ్చినట్టు గుచ్చితే చెంబు పట్టుకుని పోయి కాళ్లు కడిగొచ్చిండు అంటారు. వ్యాపారికి మొహమే పెట్టుబడి.

పడవల మెట్ల దగ్గర గాలి ఎక్కువైంది. ఇక్కడ కట్ట ముందుకు పొడుచుకు వస్తుంది, నల్ల బండ ఒకటి, బండలో ఇనుప కడెం, పడవలన్నీ ఆ కడేనికే కట్టేసి ఒకదాన్నొకటి కొమ్ములతో పొడుచుకుంటున్నాయి. ఆ బండకూ మొద్దుకూ మధ్యనే తండ్రి కాలు నలిగింది. చప్పుడు పెద్దగా రాలేదు, చెరుకు గానుగలో పడ్డట్టు అంతే. బాపు కేక వేయలేదు, తెప్ప కట్టు వదలకుండా పట్టుకోరా, కాలు పోతే పోయింది, తెప్ప పోతే అందరం పోతం అన్నాడు. తర్వాత తొమ్మిదేళ్లు ఒంటికాలితో అడితిలో కూర్చుని ప్రతి ఒక్కణ్నీ తిట్టాడు. ఈ మెట్ల మీదే రాజలింగు ఒక అవతలి ఒడ్డు తెప్పగాడి చెవి కొరికి ఉమ్మేశాడు. వాడు మొద్దుల మొహాలు రంపంతో బిళ్లలుగా కోసి, గుండ్రంలో అడ్డగీత ఏట్లో పారేసి, తన ముద్ర కొట్టుకుంటూ దొరికాడు. పెద్ద కొట్లాట అది, కొక్కెపు కర్రలు, రంపాలు, ఒకడి పేగులు బయటికి వచ్చి గంపలో పెట్టి మోసుకుపోయారు. రాజలింగు నోటి నిండా నెత్తురుతో నవ్వాడు, "ఉప్పగున్నదన్నా వాని చెవి." ఆ రోజు తను మెచ్చుకున్నాడు వాణ్ని. అంతకుముందూ తర్వాతా మెచ్చుకున్నట్టు గుర్తు లేదు. గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు, ఒక్క మాట, మంచిదిరా అనో, బాగ కొట్టినవురా అనో. గుర్తుకు వచ్చిందల్లా బండివాళ్ల ముందు తిట్టినవే, ఒకదాని వెంట ఒకటి, వరుసగా, పేర్చినట్టు.

ఆ కడేనికి ఇవాళ కట్టి ఉన్న పెద్ద పడవ రాములుది. మునుపటి పడవను తన మొద్దే పగలగొట్టింది, ఇట్లాంటి వరదలోనే, కట్టు తెగి వచ్చి డొక్కలో గుద్దింది, పడవ పోయింది, రాములు పక్కటెముకలు పోయాయి. ఏరు చేసింది గదా నాదేం తప్పు అన్నాడు రాయమల్లు. పెద్దలు మొద్దు మొహం చూపించారు. గుండ్రంలో అడ్డగీత. ముద్ర కొట్టినప్పుడు నీది, కొట్టినాక అది ఏం చేసినా నీదే అన్నారు. రాములు కొత్త పడవ దించేదాకా రెండు వానకాలాలు వాడి ఇల్లు అతనే సాకాడు, జొన్నలు, ఉప్పు, పిల్లలకు బట్టలు. లోపల మండిపోయింది. తర్వాత ఆలోచిస్తే అది మంచి నియమమని తెలిసింది. మరుసటి ఏడు ఇంకొక అడితివాడి మొద్దు తన బండిని తుక్కు చేస్తే, కట్ట మీద అందరి ముందూ నిలబడి ఆ మాటే గొంతు చించుకుని చెప్పి బండి వసూలు చేశాడు. ఎవరి నోట పుట్టినా మాట, వాడుకునేవాడిదే.

మెట్లు దాటాక కట్ట కిందికి వాలుతుంది, బెస్తవాడ. వలలు, ఎండిన చేపల వాసన వానలో నాని ముక్కులో గుచ్చుకుంటోంది. ఇంటింటి ముందూ నిట్రాటకు తగిలించిన కొక్కేలు, మూడు కొనలవి, చేంతాడంత తాడుకు. వాటిని చూడకుండా నడవాలనుకున్నాడు, చూశాడు. నిరుడు వరదకు ఈ గుడిసెల ముందే గొడవ. ముద్ర ఉన్న మొద్దు పట్టి ఇస్తే పాతకాలంలో ఐదింటికి ఒకటి పట్టినవాడిది. నాకా పోయి, పాత కాలం పోయింది గదా పాత వాటా ఎక్కడిది అని రాయమల్లు నిరుడు దాన్ని కూలికి మార్చాడు. తెలివైన పనే. అడితులన్నీ అతని వెంటే వచ్చాయి. కొక్కెపువాళ్లు తిట్టారు, మొక్కారు, చివరికి పట్టారు, పొయ్యి వెలగాలి గదా. హనుమండ్లు ఒక్కడే అందరిలో నిలబడి అన్నాడు, "ఒకనాడు నీ ఇంటి మనిషినే గుంజుతం షావుకారి. గప్పుడేమిస్తవో సూస్తం, కూలా వాటానా." అందరూ నవ్వారు. రాజలింగు కూడా నవ్వాడు, ఎవరి కంటే గట్టిగా. ఆ నవ్వు ఇప్పుడు వినపడుతోంది. గుంజాడు. అన్నంత పనీ చేశాడు. మొద్దు మీద తేలుతూ వస్తున్నవాణ్ని గుర్తుపట్టలేదా, నాకా పందిరి కింద చాయ్ తాగేటప్పుడు రోజూ చూసే మొహాన్ని, గుర్తుపట్టాడు, గుర్తుపట్టే విసిరాడు. సుత్తి పిడి చెమటతో జారుతోంది, పంచెకు తుడుచుకుని మళ్లీ బిగించాడు. ఎక్కడ కొట్టాలి. తల మీద కొడితే చస్తాడు, చస్తే జైలు, జైలుకు పోతే అడితి మూడు నెలల్లో ఇతరుల పాలు. మోకాలి మీద కొడితే నడవడు, నడవకపోయినా కొక్కెం విసరగలడు. చెయ్యి. కుడి చెయ్యి. ఎంత తీసుకున్నాడో అంతే తీసుకోవాలి, తూకం సరిగ్గా ఉండాలి. తూకం అని అనుకోగానే ఒళ్లు చల్లబడింది, బేరం కుదిరినట్టు.

దిగువ మెట్ల మీద పది పన్నెండు మంది. రాజలింగును పై మెట్టు మీద పడుకోబెట్టి, ఒళ్లంతా వాడి గొంగడే కప్పారు, తెప్ప మీద వానకు తల మీదుగా కప్పుకునే నల్ల గొంగడి, నీళ్లు పీల్చి ఇనుములా బరువెక్కి ఉంది. కింది మెట్టు మీద హనుమండ్లు. మోకాళ్లు ముడుచుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పాదాలు ముందుకు చాపి, నీళ్ల కోసం. తల ఎత్తలేదు. వెనక అతని పెళ్లాం ఎల్లక్క నిలబడి ఉంది. రాయమల్లు చెంబును చంకలో ఇరికించుకుని గొంగడి తీశాడు. కళ్లు మూసే ఉన్నాయి. మెడకూ భుజానికీ మధ్య గాయం, గాటు కాదు, పొడుగ్గా చీలిక, ఎముక దాకా, అంచులు ఉబ్బి నల్లగా గడ్డకట్టి. తెల్లన లేదు. ఎక్కడా తెల్లన లేదు. విసిరి ఊరుకోలేదు, గుంజాడు, మళ్లీ మళ్లీ గుంజాడు, చీలిక పొడుగు చూస్తేనే తెలుస్తోంది.

"పానం ఉండెనా?" అన్నాడు.

హనుమండ్లు నేల చూస్తూనే ఉన్నాడు.

"నిన్నే అడిగేది. పానం ఉండంగనే ఏసినవా కొక్కెం?"

హనుమండ్లు తల ఎత్తాడు. నోరు తెరుచుకుంది, పెదవులు కదిలాయి, మూసుకున్నాయి. పాదాలు ఇంకొంచెం ముందుకు జరిపాడు.

"నీళ్లు పొయ్యి షావుకారి" అంది ఎల్లక్క. "నీళ్లు పోస్తె అన్ని చెప్తడు. రివాజు నీకెర్క లేదా ఏంది?"

"నువ్వు చెప్పేదానివా నాకు రివాజు?"

"చెప్పెటోళ్లు లేకనే గిట్లయినవు. పొయ్యి ముందుగాల."

ఎల్లక్క గొంతు వినపడింది కాని మాట లోపలికి దిగలేదు. అతనికి ఆ మౌనమే వినపడుతోంది. అరవై బేరాల్లో చూశాడు ఈ మౌనం, దొంగ సరుకు అమ్మేవాడు ఎక్కడిదిరా ఇది అంటే ఇట్లాగే నేల చూస్తాడు, ఇట్లాగే పెదవి కదిపి మూస్తాడు. రివాజు అడ్డం పెట్టుకున్నాడు, మంచి అడ్డం దొరికింది వీడికి, నీళ్లు పోస్తే కాళ్లు కడిగినట్టు లోకానికి, అంటే తప్పు లేదని ఒప్పుకున్నట్టు, ముందే పోస్తే తర్వాత అడగడానికి ఏముంటుంది, వీడు ఏది చెబితే అది, నా తమ్ముడి మీద వీడు ఏది చెబితే అది. కుడి చెయ్యి మోకాలి మీద ఉంది, తేలిగ్గా, బల్ల మీద పెట్టినట్టు. సుత్తి ఎప్పుడు లేచిందో తెలియదు. మోచేతికి కింద పడింది. ఎండు బొంగు మధ్యలో విరిగిన చప్పుడు. చంకలోంచి చెంబు వంగి నీళ్లు అతని పంచె మీదా, రాజలింగు కాళ్ల మీదా, మెట్ల మీదా పోయాయి. ఎవరో ఆడమనిషి అరిచింది. మగవాళ్లు కదల్లేదు.

హనుమండ్లు అరవలేదు. కింది పెదవిని పళ్లతో పట్టుకున్నాడు, పెదవి తెగి గడ్డం మీదికి నెత్తురు దిగింది. విరిగిన చెయ్యి ఒడిలో పడి వింతగా పక్కకు తిరిగి ఉంది, తోలు మీద గుండ్రం, గుండ్రంలో అడ్డగీత, గీత చివర్ల నుంచి నెత్తురు ఊరుతోంది. పాదాలు మాత్రం అక్కడే ఉన్నాయి. చాపినవి చాపినట్టే. వణుకుతున్నాయి, కాని వెనక్కి తీయలేదు. ఆ పాదాలను చూస్తుంటే రాయమల్లుకు చెవుల్లో హోరు ఆగింది, ఏటి హోరు మాత్రం మిగిలింది. దొంగ సరుకువాడు దెబ్బ తగిలితే మాట్లాడతాడు. నేను కాదంటాడు, ఫలానావాడంటాడు, ఏదో ఒకటి అంటాడు. ఎముక విరిగినా నోరు విప్పనివాడు దాచుకోవడానికి కాదు ఊరుకున్నది. ఆగి ఉన్నాడు. నిన్న రాత్రి నుంచీ, చెప్పడానికి, ఆగి ఉన్నాడు. చెంబులోకి చూశాడు. అడుగున పుడిసెడు మిగిలాయి. అవి కూడా లేకపోతే మళ్లీ ఇంటికి పోయి రావాలి, అవ్వ అడుగుతుంది, ఏమైనయిరా నీళ్లు అని. వంగాడు. పుడిసెడు నీళ్లూ ఆ పాదాల మీద పోశాడు, బొటనవేళ్లు మాత్రం తడిశాయి.

హనుమండ్లు నోరు తెరిచాడు. ముందు ఊపిరే వచ్చింది. తర్వాత మాటలు, ఒకదానికొకటి దూరంగా.

"పానం ఉండె. నేను సూసుకోలే. మునిమాపు. మొద్దు మీద నల్లగ కనవడ్డది. బెరడనుకున్న. బెరడు మీదనే గదా ఏస్తం, నున్నటి కాడ కొక్కెం జారుతది. ఏసిన. దిగినంక బెరడు తలకాయెత్తింది. గొంగడి కప్పుకున్నడు. నా చేతులు సచ్చినయి, తాడు ఇడువబోయిన. ఇడువకురా, గుంజు అన్నడు."

ఎవరో ముక్కు చీదారు.

"ఇడిస్తె కొట్టకపోతడు. గుంజితె చీరుతది. నాకు కనవడుతనే ఉన్నది చీరుడు. గుంజు అన్నడు. గుంజిన. మల్ల గుంజు అన్నడు. ఒక చేత్తోని తాడు వట్టుకున్నడు, తనే, మెడ కాడ. ఒడ్డు దాక గదే మాట. మెట్టెక్కినంక అనలే."

"ఇంకేమనలేదా?" అన్నాడు రాయమల్లు. "నా పేరు గిట్ల..."

"లే షావుకారి. ఎవ్వల పేరు అనలే. గుంజు అన్నడు, అంతనే."

ఎల్లక్క ముందుకు వచ్చి మొగుడి విరిగిన చేతిని తన కొంగుతో చుట్టింది. చుడుతూ, మొహం ఎత్తకుండానే మాట్లాడింది, మార్కెట్లో చేపలు తూచేటప్పుడు ఎట్లా మాట్లాడుతుందో అట్లా. "ముద్ర కొట్టినంక అది ఏం జేసినా, దానికేమైనా కొట్టినోనిదే పూచీ అని రాములు పడవ నాడు పెద్దలు చెప్పిరి. బండి నాడు నువ్వే ఒర్రి చెప్పినవు, నేనీడనే ఉన్న. గిప్పుడు నా మొగని మీద కొట్టినవు. అందరు సూసిండ్రు. ఈ చెయ్యి ఇగ కొక్కెం ఇసరది. ఇయ్యాల్టి సంది మా పొయ్యి నీది. ముగ్గురు పిల్లలు, మా అత్త, మేమిద్దరం. పొద్దుగాల గట్కకు జొన్నలు పంపు. ముక్కినయి గాదు, మీరు తినేటియి."

ఎవరైనా నవ్వుతారేమో అని చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలి బెస్త తల ఊపాడు, సరే అన్నట్టు, లావాదేవీ తేలినట్టు. రాయమల్లు కూడా తల ఊపాడు, తెలియకుండానే, బేరం ఒప్పుకునేటప్పుడు ఊపే ఊపు అది, మెడ దానంతట అదే ఊగుతుంది. తర్వాత తమ్ముడి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తడి గొంగడిని మెల్లగా పైకి లాగి గాయం కప్పాడు. వాడి కుడి గుప్పిట మూసుకుని ఉంది. వేళ్లు విప్పబోతే రాలేదు. సందులోంచి తాడు పీచు నాలుగు పోగులు బయటికి కనబడుతున్నాయి.

ఎట్లా లెక్క వేసినా ఎక్కడో ఒకచోట గీత గీసి ముగించాలి. పోయింది తెప్ప, గనులవాళ్ల మాట, ముద్రను ఒక్క దెబ్బకు దించే చెయ్యి, ఎంత కొట్టినా ఆగని నవ్వు. ఈ గంటలో అతనికి మిగిలింది, ఇక ఎన్నటికీ కొక్కెం విసరలేని మనిషి ఒకడు, వాడి ఇంట్లో ఆరు నోళ్లు, తనకు అర్థమయ్యేట్టు చెప్పిన ఒక ఆడమనిషి గొంతు. దానిపైన తమ్ముడి చివరి మాట ఒకటి, అదీ తనతో అన్నది కాదు.